సవరణ: ఫ్లాట్‌బెడ్ స్కానర్ 6400 డీపీఐ లెక్క
ఎప్సన్ వీ850 ఫ్లాట్‌బెడ్ (గాజుపలక మీద పెట్టి స్కాన్ చేసే) స్కానర్‌లో 35 ఎంఎం నెగటివ్‌ని 6400 డీపీఐకి (అంగుళానికి 6400 చుక్కలు) స్కాన్ చేస్తే 30 అంగుళాల ప్రింటు వస్తుందని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు, పెట్టె మీద అంకెనే నమ్మి లెక్క వేశాను. రిజల్యూషన్ చార్టు పెట్టి వేరేవాళ్లు చేసిన పరీక్షల్లో దానికి నిజంగా దక్కేది 2300 డీపీఐ దగ్గరే. అంటే 36 మి.మీ. పొడవుకి సుమారు 3,260 పిక్సెళ్లు. 300 డీపీఐ ప్రింటులో 11 అంగుళాల లోపే. 6400 పెడితే ఫైలు మాత్రం 9,000 పిక్సెళ్లకి ఉబ్బుతుంది, వివరం పెరగదు. ఫిల్ముని పట్టి ఉంచే హోల్డర్ ఎత్తు కుదరకపోతే ఆ 2300 కూడా రాదు.

ఫిల్ము కోసమే చేసిన నికాన్ కూల్‌స్కాన్ 5000 స్కానర్‌లో 4000 డీపీఐకి 5,670 పిక్సెళ్లు, దాదాపు 19 అంగుళాలు. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది. 6×7 సెం.మీ. పెద్ద ఫిల్ముకైతే ఫ్లాట్‌బెడ్ చాలు, 21 అంగుళాల దాకా లాగొచ్చు.