బీపీని వంశం మీదికి నెట్టేయకండి

తాతయ్య పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు చూడ్డానికొచ్చిన వాళ్లంతా ఒకటే మాట, "మీ వంశంలోనే ఉంది కదా." అది విని విని, అప్పటికే బీపీ ఉన్న మా నాన్న మాత్రలు మానేశారు. రాసిపెట్టి ఉన్నదాన్ని మాత్ర ఆపుతుందా అన్నారు. సగం వాడిన ఆ స్ట్రిప్పు చాలాకాలం టీవీ పక్కనే పడి ఉండేది. అప్పట్నుంచీ ఆ మాటంటేనే నాకు కోపం.

జన్యువుల పాత్ర లేదని నేననను. మనిషికీ మనిషికీ బీపీలో ఉండే తేడాలో 30 నుంచి 50 శాతం వాటా వాటిదేనని కవలల మీద, కుటుంబాల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. లిడిల్ సిండ్రోమ్‌లో అయితే ఒక్క జన్యువు చెడితే చాలు, కిడ్నీలు ఉప్పును బయటికి పోనివ్వవు, చిన్న వయసులోనే బీపీ వచ్చేస్తుంది. కానీ అది చాలా అరుదు. మామూలు బీపీ కోసం పది లక్షల మందికి పైగా జన్యు సమాచారం వెతికి 2024లో లెక్క తేలిస్తే, రెండు వేలకు పైగా చోట్ల తేడాలు దొరికాయి, వాటిలో చాలావాటి ప్రభావం ఒక్కోటి బీపీ అంకెలో ఒక పాయింటు కూడా ఉండదు. పైగా ఆ పది లక్షల మందీ ఐరోపా మూలాల వాళ్లే.

రక్తనాళాలు గట్టిపడటం కూడా అంతే, కొంత వంశం, చాలావరకు వాడకం. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ పెద్ద ధమని సాగి మళ్లీ ముడుచుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ సాగే పొరలు తెగిపోయి, కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ పేరుకుంటుంది. అప్పుడు పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. 165/70 వస్తే "కిందిది బాగానే ఉందిలే" అని మనవాళ్లు ఊరుకుంటారు చూశారా, ధమని బిగుసుకుందని చెప్పేది ఆ రెండు అంకెల మధ్య దూరమే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధనలో ఈ బిగుసుకోవడమే ముందు కనిపించింది, బీపీ తర్వాత వచ్చింది. అంటే బీపీ మీటర్లో తేడా కనిపించేనాటికే లోపల పని మొదలైపోయి ఉండొచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉంటే ముప్పై దాటక ముందే చూపించుకోమనేది అందుకే.

పనామా తీరంలో కూనా అనే జనం ఉన్నారు. తమ దీవుల్లో ఉన్నంతకాలం వయసు పెరిగినా వాళ్లకు బీపీ పెరగలేదు, పనామా సిటీకి వలసొచ్చిన వాళ్లకు పెరిగింది. పడవెక్కి దిగేలోపు జన్యువులేం మారిపోవు కదా!

నిజానికి మనకు వంశంతో పాటు వచ్చేది వంటిల్లు. ఆవకాయ కలిపేటప్పుడు అమ్మ ఉప్పును దోసిలితో కొలిచేది, అది వాళ్లమ్మ దోసిలి, ఇప్పుడు నా చేతికీ అదే కొలత అలవాటైంది. మజ్జిగలో ఉప్పు, పెరుగన్నంలో ఉప్పు, నంజుకోడానికి వడియం, అందులోనూ ఉప్పే. రోజుకు 5 గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ చెప్పేది మన కంచంలో మధ్యాహ్నానికే దాటిపోతుంది. చైనాలో 600 పల్లెల్లో, పక్షవాతం వచ్చినవాళ్లకూ బీపీ ఉన్న పెద్దవాళ్లకూ, మామూలు ఉప్పులో పావు వంతు తీసేసి పొటాషియం ఉప్పు కలిపి ఇచ్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితం, పక్షవాతాలు 14 శాతం తగ్గాయి, ఎవరి జన్యువులనూ ముట్టుకోకుండానే. (కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు జోలికి పోవద్దు.)

ఇంటి ఉప్పునైనా మనం తగ్గించుకోగలం, ప్యాకెట్ ఉప్పు సంగతేంటి? చిలీలో 2016 నుంచి ఉప్పెక్కువున్న ప్యాకెట్ ముందువైపే నల్ల ముద్ర వేయాలి. మన దగ్గర 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకెట్ల మీద స్టార్ల రేటింగుతో ముసాయిదా తెచ్చింది, అందులో పీచు, పండ్ల లాంటివి ఉంటే వచ్చే మార్కులు ఉప్పు తప్పును కప్పేస్తాయి. హెచ్చరిక అంటే హెచ్చరికలా ఉండాలి. మొన్న మా అమ్మాయి కొనుక్కున్న చిప్స్ ప్యాకెట్లో సోడియం ఎంతుందో చూద్దామని వెనక్కి తిప్పితే, ఆ వరస సరిగ్గా అతుకు మడతలోకి పోయింది. గోరుతో మడత విప్పి, ఫోన్ టార్చ్ వేసి చదవాల్సి వచ్చింది.