బార్‌బెల్ మీది గీత గారికి

గౌరవనీయులైన గీత గారికి,

నమస్కారం. నిన్న సాయంత్రం జిమ్‌లో బెంచి మీద వెల్లకిలా పడి మీ వంకే చూస్తూ ఉండిపోయినవాణ్ణి నేనే. ఛాతీ మీద 60 కిలోలు, తల దగ్గర ఎవరూ లేరు. చివరికి ఇంటర్ చదివే కుర్రాడొకడు ఇయర్‌ఫోన్లు కూడా తియ్యకుండా వచ్చి, బార్ ఎత్తి స్టాండు మీద పెట్టి, "చిన్నగా అంకుల్" అన్నాడు. బరువు సంగతి మర్చిపోగలను. ఆ 'అంకుల్'ని మాత్రం అరండల్‌పేట నుంచి బ్రాడీపేట దాకా మోసుకుంటూ ఇంటికెళ్లాను.

మొదట తప్పు నాదే అనుకున్నాను. మధ్యాహ్నం గోంగూర పప్పు నాలుగు ముద్దలు ఎక్కువైందేమో, ఈ ఎండకి ఒంట్లో నీళ్లు తగ్గాయేమో అని. కానీ ఏడాదిగా ఇదే బరువు ఐదుసార్లు ఎత్తుతున్నానండీ. అదీ మిమ్మల్ని నమ్మే. చేతులు ఎక్కడ పెట్టాలో గుర్తుగా, బార్ గరుకు మధ్య చెరోపక్క నున్నటి చుట్టు గీతలా ఉంటారు కదా మీరిద్దరూ. రెండు ఉంగరపు వేళ్లూ మీ ఇద్దరి మీదా పెట్టడం, ఊపిరి బిగబట్టడం, ఎత్తడం. అరచేతి గీతలు చూస్తానన్న జ్యోతిష్కుణ్ణి గుమ్మంలోంచే పంపేసినవాణ్ణి, ఇనుము మీది గీతని నమ్మాను.

ఈరోజు పొద్దున కింద టైలర్ దగ్గర టేపు తీసుకుని, మూడంతస్తులెక్కి (లిఫ్టు పోయిన దసరా నుంచి ఆగే ఉంది) కొలిచాను. మూలన పడేసిన పాత బార్ మీద మీ ఇద్దరి మధ్య దూరం 81 సెంటీమీటర్లు. మొన్న దిగిన, నిన్న నేనెత్తిన కొత్త బార్ మీద 91. మొదటిది పవర్‌లిఫ్టింగ్ (స్క్వాట్, బెంచి, డెడ్‌లిఫ్టు పోటీల) కొలత, బెంచి పోటీల్లో చూపుడు వేళ్లు దాన్ని దాటి బయటికి పోకూడదు. రెండోది స్నాచ్ (నేల మీంచి ఒకే ఊపులో తలపైకి), జెర్క్ (భుజాల మీంచి తలపైకి) చేసే వెయిట్‌లిఫ్టర్ల కొలత. ఓనర్‌ని అడిగితే "బార్ బారే కదండీ" అన్నాడు.

ఒక్కో చేతికి ఐదు సెంటీమీటర్లు! బార్ ఛాతీకి దిగినప్పుడు ముంజేతులు నిట్టనిలువుగా నిలబడాలి, గుంజలు పందిరిని మోసినట్టు. నిన్న నావి చెరోవైపుకి వాలిపోయాయి. ట్రైసెప్స్‌కి (చేతి వెనక కండకి) పని తగ్గింది, ఛాతీ మీదా భుజం కీళ్ల మీదా పడింది భారం. వెడల్పుగా పట్టుకుంటే బార్ కదిలే దూరం తగ్గుతుంది కదా, ఇంకా తేలిక కదా అంటారేమో. తగ్గుతుంది. పవర్‌లిఫ్టర్లు అందుకే అలా పట్టుకుంటారు, నెలల తరబడి అలవాటు చేసుకుని మరీ. ఐదడుగుల నాలుగంగుళాల నాకు, చెప్పాపెట్టకుండా, సెట్టు మధ్యలోనా?

మా ట్రైనర్ సంగతి వేరే. ఎక్కడో స్నాచ్ వీడియో చూసొచ్చి డెడ్‌లిఫ్టు (నేల మీది బార్‌ని తొడల దాకా ఎత్తడం) కూడా అంత వెడల్పుగానే పట్టించాడు. చేతులు పక్కలకి పోయేకొద్దీ బార్ అందడానికి నడుం ఇంకా వంగాలి. వారం రోజులు నాట్లేసినట్టుంది. స్నాచ్‌కి ఆ వెడల్పు ఎందుకంటే, తలపైకి ఎత్తాల్సిన ఎత్తు తగ్గుతుంది, బార్ సరిగ్గా తుంటి మడతలోకి వస్తుంది. మన స్టువర్టుపురం రాగాల వెంకట్ రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారం తెచ్చింది ఈ స్నాచ్, జెర్క్‌లతోనే. ఆయన చేతికి 91 సెంటీమీటర్ల గీత శోభ. నా చేతికి శిక్ష.

టేపు తిరిగిస్తుంటే టైలర్ "షోల్డర్ కొలతా సార్" అన్నాడు. విషయం చెప్పాను. నా భుజం మీద టేపు పెట్టి "పదిహేడు" అని, "అందరికీ ఒకటే కొలతతో కుడితే నా షాపు వారంలో మూతపడుద్ది" అన్నాడు.

విన్నావా గీతా? ఇంక 'మీరు' నావల్ల కాదు. వేలెడు వెడల్పు లేవు, చూడ్డానికి ఆ బార్ మీదా ఈ బార్ మీదా ఒక్కలాగే మెరుస్తావు, కొలత మాత్రం మారుస్తావు. మారిస్తే మార్చావు, ఒక్క అంకె చెక్కించుకోకూడదూ? ప్రొటీన్ డబ్బా మీద చెంచా పరిమాణం కూడా రాస్తారు కదే!

సరే, కోపం దిగింది. సాయంత్రం మళ్లీ వచ్చాను. ఈసారి చిటికెన వేలికీ నీకూ మధ్య వేలిన్నర జాగా వదిలాను. 60 కిలోలు, ఐదుసార్లు, ఎవరి సాయమూ లేకుండా లేచింది. పోయేముందు మా ఆవిడ స్టిక్కర్ బొట్టొకటి తెచ్చి నీకు పెట్టాను. గరుకు మీద అంటుకోలేదు గానీ నీ నున్నటి ఒంటి మీద చక్కగా అతుక్కుంది. ఎర్రగా బానే ఉన్నావు. బొట్టున్నది 91, లేనిది 81.

ఆ కుర్రాడు చూసి "ఇదేంటంకుల్, పూజా?" అన్నాడు. వాడికీ కొలతలు చెప్పి, టేపు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాను.

ఇట్లు,
అంకుల్,
బ్రాడీపేట, గుంటూరు