మిత్రధర్మం

చిన్న కంపెనీలు పెద్ద బహుళజాతి కంపెనీలతో పొత్తుకు జంకుతున్నాయని విని బాధేసింది. పెద్దది మింగేస్తుందట, పేరు కాజేస్తుందట. అన్నీ పుకార్లు. బయోఎన్‌టెక్ కథ వింటే ఈ భయాలు పోతాయి.

ఆ పేరు వినలేదా? ఫైజర్ కరోనా టీకాను కనిపెట్టింది ఆ కంపెనీయే. మీకు ఇప్పుడు కలిగిన ఆశ్చర్యం చాలు, పొత్తు ఎంత చక్కగా నడిచిందో చెప్పడానికి.

2008లో జర్మనీలోని మైన్జ్ నగరంలో ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ తురేజీ అనే డాక్టర్ దంపతులు మరొకరితో కలిసి దాన్ని పెట్టారు. పుష్కరం గడిచినా వాళ్ల మందు ఒక్కటీ మార్కెట్‌కి రాలేదు. 2018 నుంచి ఫ్లూ టీకా పేరుతో ఫైజర్‌తో పరిచయం ఉంది. 2020 మార్చిలో కరోనా టీకాకీ చేతులు కలిపారు.

ఇక సర్దుబాట్లు చూడండి. ఫైజర్ ముందుగా ఇస్తానన్నది 18.5 కోట్ల డాలర్లు. అందులో చేతికిచ్చే సొమ్ము 7.2 కోట్లే, మిగతా దానితో ఆ చిన్న కంపెనీ షేర్లే కొనుక్కుంటుంది. పని ముందుకు సాగేకొద్దీ ఇంకో 56.3 కోట్ల దాకా ఇస్తుంది. అభివృద్ధి ఖర్చు మొత్తం మొదట తనే పెట్టుకుంటుంది. ఎంత పెద్ద మనసు! కాకపోతే అందులో సగం, అమ్మకాలు మొదలయ్యాక బయోఎన్‌టెక్ తిరిగి కట్టాలి. పెద్ద మనసుకి ఖాతా పుస్తకం ఉండకూడదని ఎక్కడా రాసిలేదు కదా.

నాకు బాగా నచ్చింది ప్రభుత్వ సొమ్ము సంగతి. టీకా పరిశోధనకి సర్కారు డబ్బు ముట్టలేదని ఫైజర్ గర్వంగా చెప్పుకుంది. నిజమే, ముట్టలేదు. జర్మనీ ప్రభుత్వం నుంచి 37.5 కోట్ల యూరోల సాయం మంజూరైంది బయోఎన్‌టెక్‌కి. ఆత్మగౌరవం ఒకరి వాటా, దరఖాస్తు పెట్టడం ఇంకొకరి వాటా. ఇంత న్యాయమైన పంపకం మన ఎన్నికల పొత్తుల్లో కూడా చూడం. అక్కడ కనీసం ఫ్లెక్సీ మీద ఏ మూలో మిత్రపక్షం నాయకుడి ఫొటో వేస్తారు.

అలాగని చిన్న కంపెనీ నష్టపోయిందంటే నేనొప్పుకోను. దాదాపు 44 వేల మందితో ట్రయల్ నడపడం, మైనస్ 70 డిగ్రీల చలిలో టీకాని ఖండాలు దాటించడం, దేశానికో అనుమతి కోసం ఫైళ్లు మోయడం ఆ డాక్టర్ దంపతుల వల్ల అయ్యే పనా? ఫైజర్ దగ్గర ఫ్రీజర్లున్నాయి, లాయర్లున్నారు, 1849 నాటి పేరుంది. లేనిదల్లా ఈ టీకా ఒక్కటే. 2020 డిసెంబర్ 2న బ్రిటన్ అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఈ టీకా మీద ఫైజర్ చూపిన ఆదాయం 3,680 కోట్ల డాలర్లు. లాభాల్లో సగం వాటా అందుకున్న బయోఎన్‌టెక్ ఆదాయం సుమారు 1,900 కోట్ల యూరోలు. దాని పన్నులతో మైన్జ్ నగరపాలక సంస్థ పాత అప్పులు తీర్చే పనిలో పడింది. పేరు పోతే పోయింది, ఊరు బాగుపడింది.

పేరు పూర్తిగా పోయిందనడం కూడా అన్యాయమే. జర్మన్లు 'బయోఎన్‌టెక్ వేయించుకున్నాం' అనే అంటారు. అమెరికాలోని మనవాళ్లు మాత్రం 'నీది ఫైజరా, మోడెర్నానా' అని ఒకరినొకరు అడిగి ఊరుకున్నారు.

పొత్తులో చిన్నవాళ్లకి దక్కే అసలు లాభం డబ్బు కాదు, శిక్షణ. జర్మనీలోనే క్యూర్‌వాక్ అని, ఈ టీకాలాగే ఎంఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రొటీన్ తయారుచేయాలో కణాలకి చెప్పే జన్యు సందేశం) మీద పనిచేసే మరో కంపెనీ ఉంది, బయోఎన్‌టెక్ కన్నా వయసులో పెద్దది. మా పేటెంట్లు వాడేశారంటూ 2022లో బయోఎన్‌టెక్ మీద కోర్టుకెళ్లింది. 2025 జూన్‌లో బయోఎన్‌టెక్ సుమారు 125 కోట్ల డాలర్ల విలువకి ఆ క్యూర్‌వాక్‌నే కొనేస్తున్నట్టు ప్రకటించింది.