ఓడెక్కిన బిడ్డలను మనమూ వెతకాలి

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఏ నాయుడో, రెడ్డో ముత్తాత ఊరు వెతుక్కుంటూ చిత్తూరుకు వస్తే మర్యాదలు చేసి పంపుతాం. మన ఇళ్ల నుంచి పోయినవాళ్ల కోసం మాత్రం మనం వెతకం. ఈ తీరు మారాలి.

1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,000 మందికి పైగా కూలి ఒప్పందాల మీద డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి పోయారు. ఎక్కువమంది ఎక్కింది మద్రాసు రేవులోనే. వాళ్లలో చంకబిడ్డలూ ఉన్నారు. అక్కడ పెరిగిన పిల్లలనూ ఆ చాకిరీ వదల్లేదు. ఒప్పందం ముగిశాక మళ్లీ కూలికి కుదరకుండా, తిరిగి రాకుండా ఉండిపోయినవాళ్లపై ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. 1903 చట్టంతో అది 16 ఏళ్ల మగపిల్లలకు, 13 ఏళ్ల ఆడపిల్లలకు కూడా వచ్చిపడింది. 1914లో గానీ రద్దు కాలేదు.

మా అవ్వ వాళ్ల నాయనను చిన్నప్పుడు మేనమామ ఇంట్లో వదిలి, పాలు తాగే చెల్లెలిని ఎత్తుకుని ఆయన అమ్మానాయన ఓడెక్కినారు. "మళ్లా రాల్యా" అనేది అవ్వ. అంతకుమించి అడిగితే లేచి వెళ్లిపోయేది. ఇలాంటి ఇళ్లలో పోయిన బిడ్డ మాట ఎత్తితే, ఉండిపోయిన బిడ్డను ఎందుకు వదిలేశారన్న ప్రశ్న కూడా లేస్తుంది. ఆ మౌనం వెనక ఉన్నది మరుపు కాదు. అందుకే పెద్దవాళ్లను పోలీసు విచారణలా గుచ్చి గుచ్చి అడగకూడదు. వాళ్లు చెప్పిన ఒక్క ఊరి పేరుతోనైనా కాగితాల దగ్గరికి పోవచ్చు.

నేటాల్ ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. ఒంటి మీది మచ్చలు కూడా రాశారు. దక్షిణాఫ్రికా పరిశోధకులు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించారు. అయితే చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు పోయినవాళ్ల కోసం చిత్తూరు, చంద్రగిరి ఊళ్లను ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె, వాయల్పాడు ఊళ్లను కడప కింద చూడాలి. పైగా మన ఊళ్ల పేర్లను గుమాస్తాలు చెవికి తోచినట్టు ఇంగ్లిషులో రాసుకున్నారు. ఏ పేరు ఏ పల్లెదో పోల్చగలిగేది ఇక్కడివాళ్లే.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం ఈ పని చేపట్టాలి. మన తాలూకాల జాబితాలను తెలుగులోకి ఎక్కించి, పంచాయతీల వారీగా విడగొట్టాలి. పాత పేర్లు గుర్తుపట్టగల పెద్దవాళ్లు పల్లెల్లో ఇంకా కొందరున్నారు. ముందు వాళ్ల దగ్గరికి పోవాలి.