ఇన్‌హేలర్ అలవాటైపోతుందట, కాయిల్ పొగ మాత్రం ఏం చెయ్యదట!

చలి మొదలైతే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో ఉచిత సలహా తిరుగుతుంది: "ఉబ్బసం ఉన్న పిల్లాడికి ఇన్‌హేలర్ పెట్టించకండి, ఒకసారి మొదలెడితే జీవితాంతం వదలదు." ఆ సలహా ఇచ్చిన ఇంట్లోనే సాయంత్రం ఆరు కాగానే కిటికీలు బిగించి దోమల కాయిల్ వెలిగిస్తారు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లోనే కొలిచి చెప్పారు. దానికి మాత్రం ఎవరికీ బెంగ లేదు.

ఇన్‌హేలర్ "హై పవర్" అనేవాళ్లు ఒక చిన్న లెక్క చెయ్యండి. ఆయాసం వెంటనే తగ్గించే సాల్‌బుటమాల్ మందు ఒక పఫ్‌కి, అంటే ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే, 100 మైక్రోగ్రాములు. అదే మందు బిళ్లగా మింగితే 4 మిల్లీగ్రాములు, అంటే 40 పఫ్‌లంత. అదీ కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగాక గానీ ఊపిరితిత్తులకు అందదు. బిళ్ల వేసుకుంటే గుండె దడ, చేతుల వణుకు అందుకే.

ఉబ్బసంలో గాలి గొట్టాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండ బిగుసుకుంటుంది, కళ్లె అడ్డుపడుతుంది. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డు రెండింతలు కాదు, దాదాపు 16 రెట్లు పెరుగుతుంది. నిన్న బాగున్న మనిషి ఇవాళ మెట్లెక్కలేకపోవడం నటన కాదు.

చలికాలంలో దీనికి తోడు వాతావరణం. రాత్రి నేల చల్లబడి, చల్లగాలి కిందే ఉండిపోతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. చెత్త మంటలు, లారీల పొగ పైకి పోలేక తెల్లవారుజామున ముక్కు ఎత్తులోనే తేలుతుంటాయి. మనవాళ్లు సరిగ్గా ఐదున్నరకి మఫ్లర్ కట్టుకుని వాకింగ్‌కి బయల్దేరతారు! ఆయాసం ఉన్నవాళ్లు ఎండ ముదిరాక, తొమ్మిది దాటాక నడవండి. మఫ్లర్ చలినే ఆపుతుంది. 2.5 మైక్రాన్ల ధూళికి ఎన్95 మాస్క్ కావాలి, అదీ ముక్కు దగ్గర సందు లేకుండా. ఇక భోగి మంటలో పాత టైర్లు వేసే మహానుభావులకు ఏం చెప్పాలో తెలీదు.

ఇన్‌హేలర్ వాడుతూ కూడా "పనిచెయ్యట్లేదు" అనేవాళ్లలో చాలామందిది పద్ధతి తప్పే. నోట్లో పెట్టుకుని రెండుసార్లు టపటపా నొక్కితే మందు గొంతుకి అంటుకుంటుంది. డబ్బా బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా వదలాలి. పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టాకే నొక్కాలి. పది సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కి ముందు అర నిమిషమైనా ఆగాలి. పిల్లలకూ పెద్దవాళ్లకూ స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) తప్పనిసరి అంటాను: ఒకసారికి ఒకటే పఫ్, నాలుగైదు మామూలు శ్వాసలు. స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి తీసి అలాగే ఆరబెట్టండి. గుడ్డతో తుడిస్తే స్టాటిక్ కరెంటు పుట్టి మందంతా ప్లాస్టిక్‌కే అతుక్కుంటుంది. పొడి మందు వాడే రోటాహేలర్‌కి పద్ధతి వేరు: గట్టిగా, వేగంగా పీల్చాలి. లోపలికి ఊదితే పొడి తడిసి ముద్దవుతుంది. అందులో పెట్టాల్సిన క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేవాళ్లూ ఉన్నారు, నవ్వకండి, చెప్పేవాళ్లు లేకే.

ఇంకో తప్పు ఇంతకంటే ప్రమాదం. సాల్‌బుటమాల్‌తో నిమిషాల్లో హాయిగా ఉంటుంది కాబట్టి అదొక్కటే వాడి, వాపు తగ్గించే బ్యుడెసొనైడ్ లాంటి రోజువారీ మందు మానేస్తారు. మొదటిది కండని వదులు చేస్తుందంతే, వాపు అలాగే ఉంటుంది. సాల్‌బుటమాల్ ఒక్కదానితో నెట్టుకురావద్దని 2019 నుంచి జినా (ఉబ్బసంపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు స్పష్టంగా చెప్తున్నాయి. బ్యుడెసొనైడ్ స్టెరాయిడ్ అని భయపడకండి, వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. లేకపోతే నాలుక మీద తెల్లపూత, గొంతు బొంగురు.

ఒక్క వాక్యం కూడా ఆగకుండా మాట్లాడలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేలోపు నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇవ్వండి. ఆవిరి పట్టే సమయం కాదది. అప్పటిదాకా వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి మనిషి మగతగా వాలిపోతే తగ్గిందనుకోకండి. కూత రావడానికి కూడా సరిపడా గాలి ఆడట్లేదని అర్థం.