పదిహేడేళ్ల స్పెయిన్ నిపుణులు

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రజల ఆత్మగౌరవం గురించో, అండలూసియాలో వలస కూలీల కష్టాల గురించో సాధికారంగా మాట్లాడగలవారు కావాలంటే మాడ్రిడ్ దాకా వెళ్లనక్కర్లేదు. ఇంగ్లాండులో ఏ-లెవెల్ స్పానిష్ తీసుకున్న పదిహేడేళ్ల కుర్రాడినో అమ్మాయినో పట్టుకుంటే చాలు. మన ఇంటర్మీడియెట్‌కు సాటివచ్చే ఆ రెండేళ్ల ఏ-లెవెల్ చదువులో, ఇంకా ఓటు హక్కయినా రాని పిల్లలను పరాయి దేశపు వ్యవహారాల్లో నిపుణులుగా తీర్చిదిద్దే పాఠ్యప్రణాళిక 2016 నుంచి నిర్విఘ్నంగా నడుస్తోంది. దాన్ని మెచ్చుకునే నాథుడు లేకపోవడం విచారకరం కనుక ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్ష వరకు ఈ పిల్లల స్పానిష్ ప్రపంచం చాలా చిన్నది. మా ఇంట్లో నలుగురం ఉంటాం, మాకొక కుక్క ఉంది, పోయిన వేసవిలో సముద్రానికి వెళ్లాం, అక్కడ వాతావరణం బాగుంది. జూన్‌లో కుక్క గురించి మాట్లాడిన ఆ విద్యార్థే సెప్టెంబరులో తరగతిలో కూర్చోగానే, స్పెయిన్‌లో కాథలిక్ చర్చి పట్టు సడలడం సమాజానికి మేలా కీడా అన్నది తేల్చాల్సి వస్తుంది. 2005లో స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేసిన దేశంలో కుటుంబం ఎటు పోతోందో కూడా చెప్పాలి. మధ్యలో కుక్క ఏమైందో ఎవరూ అడగరు.

రెండో ఏడాది నియంతల వంతు. 1939 నుంచి 1975లో కన్నుమూసేదాకా ఏలిన ఫ్రాంకో, ఆ తర్వాత వచ్చిన 1978 రాజ్యాంగం, 1981 ఫిబ్రవరిలో తుపాకీతో పార్లమెంటులోకి చొరబడి తిరుగుబాటుకు దిగిన అధికారి, వీటన్నిటి మీదా విద్యార్థికి సొంత అభిప్రాయం ఉండాలి. ఫ్రాంకో అవశేషాలను ఎక్కడ ఉంచాలో తేల్చుకోవడానికి స్పెయిన్ దేశానికే 2019 దాకా పట్టింది. మన విద్యార్థికి ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు మౌఖిక పరీక్షలో ఇలాంటి అంశమున్న కార్డు చేతికిచ్చి, సిద్ధపడటానికి ఐదు నిమిషాలు, చర్చకు ఐదారు నిమిషాలు కేటాయిస్తారు. నిఘంటువు చూడకూడదు. పైగా మధ్యలో పరీక్షకుడినే తిరిగి ప్రశ్నించాలన్న నియమం కూడా ఉంది. చరిత్ర భారం మొత్తాన్ని పిల్లల నెత్తినే పెట్టడం భావ్యం కాదని బోర్డువారికి తోచినట్టుంది.

ఇంత బరువైన అభిప్రాయాలు ఇంత లేత వయసులో ఎలా పుట్టుకొస్తాయన్న సందేహం పాఠకులకు రావడం సహజం. పుట్టుకురావు, అమరుస్తారు. క్లిష్టమైన వాక్యనిర్మాణానికి మార్కులు ఉంటాయి గనుక, 'నేనే గనక ప్రభుత్వాధినేతనై ఉంటే ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించి ఉండేదాన్ని' అన్న వాక్యాన్ని విద్యార్థిని కంఠతా పట్టి జేబులో వేసుకుంటుంది. నిరుద్యోగం అడిగితే అదే వాక్యం, జాత్యహంకారం అడిగితే అదే వాక్యం, ఎద్దుల పోటీలు అడిగినా అదే వాక్యం. ఒక్కసారైనా ఆమెకు ప్రభుత్వం అప్పగించి చూడాలని స్పెయిన్‌కు ఇంతవరకూ తోచకపోవడం ఆ దేశపు దురదృష్టం.

సాహిత్యం దగ్గర ఈ శిక్షణ పరాకాష్ఠకు చేరుతుంది. స్పెయిన్ కవి, నాటకకర్త లోర్కా 1936లో, తనను కాల్చి చంపడానికి కొద్ది వారాల ముందు ముగించిన బెర్నార్దా ఆల్బా నాటకంలో ఒక తల్లి ఐదుగురు కూతుళ్లకు ఎనిమిదేళ్ల మైల విధించి తలుపులు మూయిస్తుంది. మన పల్లెల్లో పెరిగినవారెవరికైనా ఆ తల్లి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. విద్యార్థి మాత్రం ఆమెను గుర్తుపట్టకూడదు, విశ్లేషించాలి. గోడ తెల్లగా ఉంటే అది అణచివేత, చిన్నకూతురి గౌను ఆకుపచ్చగా ఉంటే తిరుగుబాటు, చేతికర్ర అధికారం, కొట్టంలో గోడను తన్నే గుర్రం గురించి వ్యాసంలో కొంచెం జాగ్రత్తగా రాయాలి. పుస్తకం దగ్గర లేకుండా ఇదంతా సుమారు మూడువందల మాటల్లో ముగించాలి. అంతా అయ్యాక ఆ తల్లి మీద జాలి కలిగిందా, కోపం వచ్చిందా అని అడిగేవారుండరు, దానికి మార్కుల పట్టికలో గడి లేదు.

లండన్ శివార్లలో స్థిరపడిన మన తెలుగు తండ్రులకు ఇది మొదట మింగుడుపడదు. ఇంటర్లో సంస్కృతం తీసుకుని, జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి, నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని, ఆ పైన జన్మలో ఒక్క సంస్కృత వాక్యం పలకకుండా ఇంజనీరైన మనిషికి భాష అంటే పర్సంటేజీ పెంచే సాధనమే కదా.

"స్కోరింగ్ సబ్జెక్టేనా అమ్మా? కెమిస్ట్రీ, బయాలజీల పక్కన మూడోదిగా పెట్టుకుంటే మెడిసిన్‌కి అడ్డం రాదుగా?"

"అడ్డం రాదు నాన్నా. కానీ ఫ్రాంకో మీద నాకు సొంత అభిప్రాయం ఉండాలట."

"దానికి గైడు దొరుకుతుందా?"

దొరుకుతుంది. ఆ క్షణం నుంచి తండ్రికి స్పానిష్ మీద అపారమైన గౌరవం. బెంగాలీకి, గుజరాతీకి, పంజాబీకి, ఉర్దూకు ఏ-లెవెల్ ఉంది గానీ తెలుగుకు లేదు. కాబట్టి ఆ అమ్మాయికి తెనాలిలో ఉన్న అమ్మమ్మ మీద ఏ అభిప్రాయమూ లేకపోయినా ఇబ్బంది లేదు.

2019లో ఏ-లెవెల్ స్థాయిలో స్పానిష్ మొదటిసారి ఫ్రెంచిని దాటి ముందుకొచ్చిందని ఘనంగా చెప్పుకున్నారు. ఆ ఏడాది ఆ పరీక్షకు కూర్చున్నవారు ఎనిమిది వేల పైచిలుకు. ఇక 2024లో స్పెయిన్ చూసి వచ్చిన బ్రిటన్ వాసులు కోటి డెబ్భై లక్షలకు పైమాటే. బెనిడోర్మ్ సముద్రతీరంలో వీరు బీరు తెప్పించుకునేది ఇంగ్లీషులోనే, అర్థం కాకపోతే ఇంకొంచెం గట్టిగా ఇంగ్లీషులో. బార్సిలోనాలో స్థానికులు విసిగిపోయి పర్యాటకుల మీద నీటి తుపాకులు ఎక్కుపెట్టిందీ ఆ ఏడాదే. స్పెయిన్ గురించి అభిప్రాయాలన్నీ ఒక వర్గానికి, స్పెయిన్ ప్రయాణాలన్నీ మరో వర్గానికి ఇంత స్పష్టంగా పంచిపెట్టిన దేశం మరొకటి ఉంటుందా!

అయినా ఈ అంతరం తొలగించడానికి నా దగ్గర ఒక సూచన ఉంది. బెనిడోర్మ్‌కు వెళ్లేవారు దిగే అలికాంతే విమానాశ్రయంలో, పాస్‌పోర్టు తనిఖీ చేసే ముందు ప్రతి బ్రిటిష్ ప్రయాణికుడికీ రెండు కార్డులు చూపి ఒకటి ఎంచుకోమనాలి. సిద్ధపడటానికి ఐదు నిమిషాలు, ఆపైన రాచరికం గురించో ప్రాంతీయ అస్తిత్వం గురించో చర్చ. నెగ్గినవారికి బీరు, నెగ్గనివారికి వచ్చిన విమానంలోనే తిరుగు ప్రయాణం. క్యూ బారెడు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు, క్యూలో నిలబడటం ఈ జాతికి ఎవరూ నేర్పాల్సిన విద్య కాదు. చిక్కల్లా పరీక్షకుల దగ్గరే. ఆ పని చేయగల అర్హత, ఓపిక, వేసవి సెలవులు మూడూ ఉన్నది మన ఏ-లెవెల్ పట్టభద్రులకే. అయితే బ్రెగ్జిట్ తర్వాత వారికి వీసా లేకుండా ప్రతి నూటఎనభై రోజుల్లో తొంభై రోజులు అక్కడ ఉండి చూసే వీలుంది గానీ, పని చేసే అనుమతి లేదు.