ఇసుక దారి గురించి కూడా రాయాల్సింది
ఎడారి రిసార్టుకి వెళ్లేవాళ్లు ఏమేం తీసుకెళ్లాలో చెప్పిన మీ వ్యాసంలో టోపీ, సన్‌స్క్రీన్, నీళ్లు ఉంటే చాలన్నట్టు రాశారు. అసలు ఇబ్బంది చివర్లో వచ్చే ఇసుక దారిలోనే. టైర్లలో మామూలుగా 32–35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉంటుంది. ఇసుకలోకి దిగకముందే దాన్ని 18 దాకా తగ్గించాలి. అప్పుడు టైరు చదునై, బరువు ఎక్కువ మేర పరుచుకుంటుంది. కూరుకుపోయాక యాక్సిలరేటర్ తొక్కితే చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. టైర్ల చుట్టూ ఇసుక తోడేసి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రండి. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. అందుకే గాలి కొట్టే చిన్న కంప్రెసర్ వెంట ఉండి తీరాలి. ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) బండి లేనివాళ్లు దయచేసి సాహసం చేయకండి, రిసార్టు బండే పిలిపించుకోండి.

బుక్ చేసేటప్పుడే జనరేటర్ రాత్రి ఎన్నింటికి ఆపుతారో అడగండి. చాలాచోట్ల ఏసీ దానిమీదే నడుస్తుంది మరి. సిగ్నల్ లేకపోతే కార్డు మెషీన్ పనిచేయదు, నగదు ఉంచుకోండి. పొడిగాలికి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియదు. దాహం వేసేదాకా ఆగొద్దు. ఆకాశం నిర్మలంగా ఉంటే రాత్రి వేడి ఇట్టే దిగిపోతుంది, స్వెటర్ కావాలి. బయట విడిచిన బూట్లు పొద్దున్నే తలకిందులు చేసి దులపండి, తేళ్లు చేరతాయి.